అయాన్ ఇంజిను సూదిని కదల్చిన వైనము

వినుడు, వేరే పనిలేని మహాజనులారా! ట్యూబులైట్ల ప్రభాపటల భాసురమై, పంపుల ఘోషచే బధిరీకృత దిగంతరమై, మూడు నెలలుగా తుడవని బల్లలతో విరాజిల్లు ఒకానొక ప్రయోగశాలయందు, సోమవారము ఉదయము పదకొండు గంటల వేళ, గ్రహమండల దిగ్విజయకాంక్షియగు అయాన్ ఇంజినునకును త్రాసు సూదికిని ఘోరసంగ్రామము జరిగెను.

ఆ ఇంజినును తొమ్మిదేండ్లు కన్నబిడ్డవలె సాకిన టెక్నీషియను, పీపాలోని గాలిని తోడివేయు పంపులను కాచుకొని యుండుటచే, అందరికిని పంపులక్క. గాలియంతయు పీల్చివేసిన ఉక్కు పీపాలో ఆ ఇంజిను నీలికాంతులు చిమ్ముచు, విద్యుత్తుతో వాయుకణములను వెనుకకు విసరి, తాను ముందుకు నెట్టును. ఎంత నెట్టునయ్యా అందురా? అర కాగితము బరువంత! ఈ పాటి తోపుతోనే ఏండ్ల తరబడి పోయి పోయి గ్రహములను చేరునట. ఇదివరకు మూడు పరీక్షలాయెను. మూడింటను ఆ తోపును కొలుచు త్రాసు సూది పిచ్చిపట్టినట్లు గంతులు వేసెనే గాని ఒక్క అంకెపై నిలువలేదు. నేడును నిలువకున్న ఇంజిను తుక్కు పాలగును.

"తుక్కు బండి అప్పుడే వచ్చి కింద ఆగిందమ్మాయ్," అనెను వెల్డరు బాబాయి.

అంతలో విచ్చేసెను విభాగాధిపతి, ఉపన్యాసకేసరి, ఇంజిను స్విచ్చి ఎచటనుండునో ఎరుగని సర్వజ్ఞుడు, పెద్దసారు. ఆ గోడ నుండి ఈ గోడకు తోలుబూట్లు టకటకలాడ పచార్లు చేయుచు కోతలు కోయ మొదలిడెను.

"గురుగ్రహం మనకు పక్కిల్లు. శనివలయాలు మన పెరటి కంచె. ఈ మహాశక్తి ముందు దూరమనే మాటే తలవంచుకోవాలి."

పంపులక్క చెవులు ఆ సోదిపై లేవు, కన్నులు సూదిపై ఉన్నవి. బూటు నేలను తాకెను, సూది ఎగిరెను. అయ్యవారు మంచినీళ్లు త్రాగ నాగిరి, సూదియు నాగెను. మునుపటి మూడు పరీక్షలలోను ఈయన ఇట్లే తిరిగెనని గుర్తుకు రాగా ఆమెకు ఒళ్లు మండిపోయెను.

"సార్, ఆ బూట్లు విప్పి కాసేపు కూర్చోండి."

"నేనా? ఇరవయ్యేళ్లుగా నడుస్తూనే ఆలోచిస్తానమ్మా నేను."

"ఇవాళ్టికి ఆలోచించకండి సార్. పది నిమిషాలు. మాట్లాడకుండా."

ఆహా, ఏమి ఆ తపస్సు! చిల్లుసాక్సులతో స్టూలెక్కి, పెదవులు బిగించి, పొంగివచ్చు వాక్ప్రవాహమును గుటకలుగా మ్రింగుచు, చెమటలు క్రక్కుచు పెద్దసారు కూర్చుండెను. మూడవ నిమిషమున ఆయన మోకాలు ఊగసాగెను. వెల్డరు బాబాయి దానిని రెండు చేతులతో అదిమి పట్టెను.

పంపులక్క స్విచ్చి నొక్కెను. నీలికాంతి వెలిగెను. సూది ఆవగింజంత కుడికి జరిగి, అచటనే నిలిచెను. ఆమె కన్నులు చెమర్చినవి. బండిని పంపివేయుటకు బాబాయి క్రిందికి పరుగెత్తెను.

"అద్భుతం. ఇంజిన్‌లో ఏం మార్చావమ్మా?"

"ఇంజిన్‌లో ఏమీ మార్చలేదు సార్. మిమ్మల్ని కూర్చోబెట్టాను."

ఇట్లు ఒక మహామేధావి పది నిమిషములు ఊరకుండుటచే, మానవజాతి అంతరిక్షమున ఆవగింజంత ముందుకు సాగెనని ముల్లోకములును ఎరుంగునుగాక!