బల్లపరుపు పురుగు సంకోచ విజయము

గోడగడియారపు పెద్దముల్లు ఆరును తాకి, చిన్నముల్లు నాలుగునకు ఐదునకు నడుమ ఊగిసలాడు అపరాహ్ణవేళ, జీవశాస్త్ర భవనపు మూడవ అంతస్తున, ఫినాయిలు పరిమళభరితమైన పన్నెండడుగుల గదిలో, ఏసీ హోరు రణభేరియై మ్రోగుచుండగా, ఉప్పునీటి గాజుగొట్టమున నిలువున వేలాడుచు, ఆకువలె చదునై, దారముతో తల కట్టబడియు తల వంచని మహావీరుడొకడుండెను. అతడు గొర్రె కాలేయమునుండి కొనితేబడిన బల్లపరుపు పురుగు. ఉదయమునుండి పదకొండుగురు సోదరులు వరుసగా నేలకూలగా మిగిలిన ఒక్కగానొక్కడు.

అతనికెదురుగా, మూడేండ్లు తపమొనర్చి, కండ్లక్రింది నల్లని వలయములే పతకములుగా ధరించిన పరిశోధకురాలు నిలిచియుండెను. ఆమె అస్త్రము ఒక్క చుక్క. పురుగు నరముల కొసలనుండి పూసలదండవలె వెలువడి, కండరపు గుమ్మము తట్టి, “ముడుచుకో” యని ఆజ్ఞాపించు దూతయే న్యూరోపెప్టైడు. ఆ దూతకు ప్రతిరూపము చేయించి సీసాలో నింపుకొన్నదామె. చుక్క పడినచో కండరము ముడుచుకొనవలెను; ముడుచుకొన్నచో అది దారమును లాగవలెను; దారము లాగినచో దాని కొసనున్న యంత్రపు తెరమీది గీత లేవవలెను. గీత లేవలేదు. పొద్దుటినుండి చాపవలె పడియున్నది.

“ఒక్కసారి ముడుచుకోరా బాబూ, నీకు దణ్ణం పెడతాను!” అని ఆ వీరాంగన గర్జించెను. “ఐదింటికి యంత్రం పక్కగది వాళ్లు పట్టుకుపోతారు, మళ్లీ ఆరునెలలకి గానీ ఇవ్వరు. ఇవాళ గీత లేవకపోతే గైడు మేడమ్ నా టాపిక్కే మార్చేస్తారు. మూడేళ్లు నీళ్లపాలవుతాయిరా!”

పురుగు వ్రేలాడుచునే యుండెను.

అంతట, కడిగిన గాజుసామాను బుట్టతో, భుజమున ఉబ్బిన సంచితో, తన బిడ్డ పొద్దున రెండుమార్లు తుమ్మినందున, దానిని విడిచివచ్చిన బేబీకేరుకు అప్పటికి తొమ్మిదిమార్లు ఫోను చేసిన, గాజుసామాను కడుగు అక్క ప్రవేశించెను.

“ఏంటమ్మాయిగారూ, పురుగుతో మాటలా?”

“మాట వినట్లేదక్కా.”

అక్క వంగి, పాలసీసా వేడి చూచు అలవాటున, గాజుగొట్టమును మణికట్టు లోపలివైపుతో తాకెను. తాకి ఉలిక్కిపడెను.

“అయ్యో, ఇంత చల్లగా ఉందేంటి! ఇలాంటి పాలు పట్టబోతే మా పిల్ల మూతి తిప్పేసుకుంటుంది.”

“చల్లగా ఎందుకుంటుంది? ముప్పై ఏడు డిగ్రీలు. అదిగో, అంకె చూడు.”

“అంకె ఆ వేణ్ణీళ్ల తొట్టి మీదుంది, పురుగు ఇక్కడుంది. మధ్యలో ఆ నీళ్లొచ్చే రబ్బరు గొట్టం బారెడు, దాని నెత్తిన ఏసీ. గొర్రె కడుపులో వెచ్చగా పడుకున్నదాన్ని తెచ్చి గాలికి వేలాడదీస్తే, బిగుసుకుపోదూ పాపం?”

పిడుగు పడినట్లయ్యెను పరిశోధకురాలికి. మిగిలిన కూరను ఫ్రిజ్జులో దాచినట్లు, చల్లగానున్నచో పురుగు పాడుగాదని పొద్దుటే ఏసీ వేసినది తానే! ఒక్క దూకున పోయి దానిని ఆర్పెను. అక్క సంచి తెరచి, ఒకటి తడిసిన మరొకటి, అది పోయిన ఇంకొకటి యని మోసుకొనితిరుగు మూడు ఊలుటోపీలలో పసుపుపచ్చది తీసి గాజుగొట్టమునకు తొడిగి, తక్కిన రెంటిని, నాలుగు మేజోళ్లను రబ్బరు గొట్టమునకు చుట్టెను. కవచధారియైన పురుగు మెల్లమెల్లగా వేడెక్కుచుండెను.

ఐదుకు పది నిమిషములుండగా, కేకతోనే గాజుపలకలు పగులగొట్టగలదని వినికిడిగల ఆ గైడు మేడమ్ విచ్చేసెను.

“ఏంటిది? దీనికి టోపీ ఎవరు పెట్టారు?”

“చలేస్తోందని, మేడమ్.”

“ఎవరికి?”

“పురుగుకండీ,” అనెను అక్క.

మేడమ్ కండ్లద్దములు సవరించుకొని తెరవైపు వంగెను. పిమ్మట గద్దించెను: “సరే, ముందు ఉత్త ఉప్పునీళ్లు వెయ్యి. దానికే గీత లేస్తే నేను నమ్మను.”

గోరువెచ్చని ఉప్పునీటి చుక్క పడెను. గీత సన్నగా వణకెనే గాని లేవలేదు. అంత పరిశోధకురాలు దూతను నింపిన చుక్కను వదలెను. ఒకటి. రెండు. మూడు. నాలుగవ క్షణమున గీత తల ఎత్తెను! దిగెను, మరల లేచెను, ముందటికన్న ఎత్తుగా!

“ముడుచుకుంది!” అని మేడమ్ గాజుపలకలు దద్దరిల్లునట్లు అరచెను.

“ష్! మెల్లగా అండీ, బెదిరిపోతుంది!” అని అక్క చేతితో వారించెను.

ముప్పదియేండ్ల ఉద్యోగమున ఎవరిచేతను నోరు మూయించుకొనని మేడమ్ నోరు మూసుకొనెను. పరిశోధకురాలి చెవియొద్దకు వంగి, “టాపిక్ అదే ఉంచుకో,” అని గుసగుసలాడెను.

ఇట్లు నాలుగుగంటల యేబదియేడు నిమిషములకు, పసుపుపచ్చ టోపీధారియైన ఆ పురుగు చొక్కాగుండీ మందమున ముడుచుకొనగా, ముగ్గురు వనితలును అది బెదరకుండునట్లు, చప్పుడు లేక చప్పట్లు చరచి, పెదవులతో మాత్రమే జయజయధ్వానములు సలిపిరి.