ట్యాంకు మీది సర్కారు

మా ఊళ్ళో ఫోన్ సిగ్నల్ లేకపోవడం ప్రభుత్వం మాకు చేసిన మహోపకారం! ఈ మాట అన్నందుకు నాకు పిచ్చెక్కిందనుకునేవాళ్ళు నిక్షేపంగా అనుకోండి. నిజం నిలకడ మీద తెలుస్తుంది.

ఒకప్పుడు మా ఊళ్ళో ఓ సర్కారు ఆఫీసుండేది. అందులో ఓ గుమస్తా ఉండేవాడు. ఫలానా కాగితం కావాలండీ అని వెళ్తే "రేపు రా" అనేవాడు. రేపు వెళ్తే ఎల్లుండి రమ్మనేవాడు. ఎంత అనాగరికం! ఇప్పుడా బాధ లేదు. గుమస్తాని పట్నం బదిలీ చేసి ఆఫీసుకి తాళం వేశారు. తలుపు మీద "నూట పన్నెండు సేవలు మీ అరచేతిలో" అని రంగుల బోర్డు పెట్టారు. దానికి పగలూ రాత్రీ లైటు వెలుగుతూనే ఉంటుంది. సేవలు కనిపించకపోయినా బోర్డు కనిపించాలి కదా మరి!

అరచేతిలోకి సేవలు రావాలంటే ఫోన్‌లోకి సిగ్నల్ రావాలి. అది మా ఊళ్ళో ఒకే ఒక్క చోట దొరుకుతుంది. మంచినీళ్ళ ట్యాంకు పైన. సరిగ్గా అరవై నాలుగు మెట్లు. కాబట్టి ప్రస్తుతం మా ప్రభుత్వం ట్యాంకు మీద ఉంటోంది.

దీనివల్ల ఎన్ని లాభాలో మీకేం తెలుసు? మా ఎదురింటి బావగారు పొలం పాసుబుక్కులో ఒక అక్షరం దిద్దించుకోవడానికి ఆరు నెలలుగా రోజూ ట్యాంకెక్కుతున్నారు. తొమ్మిది కిలోలు తగ్గారు. అక్షరం మారలేదనుకోండి. ఆయన మాత్రం గుర్తుపట్టలేనంతగా మారిపోయారు! ఊళ్ళో ఆయాసాలూ పొట్టలూ పోయి, పాపం, మా కాంపౌండరు ఈగలు తోలుకుంటున్నాడు. పట్నంలో వాళ్ళు ఇదే పనికి జిమ్ముల చుట్టూ తిరుగుతారు. మాకు సర్కారే చేయిస్తోంది.

ఇక పారదర్శకత సంగతి వినండి.

ఓటీపీ అంటే తెలుసుగా? ఆరంకెల రహస్యం. ఆయుష్షు రెండే నిమిషాలు. దరఖాస్తులు నింపేదేమో కింద, సేవా కేంద్రంలో. అక్కడ తీగ మీద వచ్చే ఇంటర్నెట్టూ, ఓ కంప్యూటరూ, దాని ముందు ఓ అమ్మాయీ ఉన్నారు. ఓటీపీ వచ్చేదేమో ట్యాంకు పైనున్న ఫోన్‌లోకి. దాన్ని పట్టుకుని కిందికి పరిగెత్తుకొచ్చేలోపే దాని ప్రాణం పోతుంది. ఏం చేయాలి?

మావాళ్ళు ఊరికే కూర్చునే రకం కాదు. ఓ పద్ధతి కనిపెట్టారు. వాల్వు తిప్పి నీళ్ళు వదిలే ఆయన్ని మేమంతా ట్యాంకు మామ అంటాం. పొద్దున తొమ్మిదింటికి అందరి ఫోన్లూ గోనెసంచిలో వేసుకుని ఆయన పైకెక్కుతాడు. ఏది మోగితే అది తీసి, ఎవరిదో చెప్పి, నంబరు కేకేస్తాడు. మెట్ల సగంలో నిలబడ్డ ఇస్త్రీ ఆయన దాన్ని అందుకుని మళ్ళీ కేకేస్తాడు. సేవా కేంద్రం అమ్మాయి కిటికీలోంచి విని టకటకా కొట్టేస్తుంది. "ఈ నంబరు ఎవరికీ చెప్పకండి" అని ఆ మెసేజీలోనే రాసి ఉంటుంది. ట్యాంకు మామ ఉన్నదున్నట్టు చెప్పే మనిషి. ఆ వాక్యం కూడా కేకేస్తాడు!

ఎవరు ఏ జబ్బుకి కార్డు పెట్టుకున్నారో, ఏ అన్నదమ్ములు స్థలం పంచుకుంటున్నారో ఊరందరికీ ఒకేసారి తెలిసిపోతుంది. చాటుమాటు వ్యవహారాలే లేవు. ఇంతకన్నా పారదర్శకమైన పాలన ఎక్కడైనా ఉంటే చూపించండి.

పొరపాట్లు అసలు లేవని నేననను. గాలి ఎక్కువగా ఉన్న ఓ రోజు గేదెల బీమా నంబరూ, మా హెడ్మాస్టారి నంబరూ తారుమారయ్యాయి. రికార్డుల ప్రకారం ఇప్పుడు మా హెడ్మాస్టారు రెండో ఈత ఈని, పూటకి నాలుగు లీటర్లిస్తున్నారు. సవరణకి మళ్ళీ దరఖాస్తు పెడదామంటే ఆయనే వద్దన్నారు.

"ఉన్నదాంతో సర్దుకుపోతాను బాబూ, ఈసారి ఏం చేస్తారో!" అన్నారు.

మా పెద్దమ్మ కూడా ఈ మహోపకారంలో పాలు పంచుకుంది. మా అమ్మకి అక్క ఆవిడ. నన్ను పెంచింది ఆవిడే. నలభై ఏళ్ళు కుట్టుమిషను తొక్కింది. ఊళ్ళో ఆవిడ కొలతలు తియ్యని ఒళ్ళు లేదు, తిట్టని మనిషీ లేడు. ఏడాది కిందట సుగరు వల్ల ఎడమకాలు మోకాలి కింద తీసేశారు. అప్పట్నుంచీ మంచం మీదే ఉంది. ఎక్కడికి వెళ్ళాలన్నా నేనో, మా ఆవిడో పట్టుకోవాలి. ఇలాంటివాళ్ళకి సర్కారు చక్రాల కుర్చీ ఉచితంగా ఇస్తుందని బోర్డు మీద ఉంది. ఎనభై ఏడో సేవ.

"నాకు ఊరేగింపులేం వద్దురా. ఒకళ్ళని పిలవకుండా దొడ్లోకి వెళ్ళొస్తే చాలు" అంది పెద్దమ్మ.

ఆస్పత్రి కాగితాలన్నీ పట్టుకుని సేవా కేంద్రానికి వెళ్ళాను.

"కాగితాలు సరిపోయాయన్నా. కానీ మనిషి ముఖం ప్రత్యక్షంగా చూపించాలి. వాళ్ళ సొంత ఫోన్‌లోనే, సిగ్నల్ ఉన్నచోటే" అంది అమ్మాయి.

"అంటే?"

"అంటే పైనే. ట్యాంకు మామ అందరి నంబర్లూ చెప్పగలడు గానీ, అందరి మొహాలూ పెట్టుకోలేడు కదన్నా."

ఇంటికొచ్చి పెద్దమ్మతో చెప్పాను.

"నడవలేనని చెప్పడానికి ట్యాంకెక్కాలా?"

"ఎక్కకపోతే వాళ్ళకెలా తెలుస్తుంది పెద్దమ్మా?" అన్నాను, సాటి పౌరుడిగా.

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నవారుతో నడుముకి కట్టాం. ముందు నేను, వెనక తాపీమేస్త్రి. నలభయ్యో మెట్టు దగ్గర మేస్త్రి రొప్పుతూ ఆగిపోయాడు. పెద్దమ్మ మెడ తిప్పి అతన్ని ఎగాదిగా చూసింది.

"చంక దగ్గర ఆ చిరుగేంట్రా? రేపు తెచ్చి పడెయ్యి. చేత్తో కుట్టి ఇస్తాను" అంది.

పైకి చేరాక మాత్రం కమ్మీ పట్టుకుని కిందికి చూస్తూ ఉండిపోయింది. పదకొండు నెలల తర్వాత వీధి చూడటం. దండేల మీద ఆరేసిన బట్టల్లో తను కుట్టినవి ఏవేవో వేలు పెట్టి లెక్కపెట్టుకుంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సిగ్నల్ ఫుల్లుగా ఉంది.

ఫోన్ ఆవిడ ముఖానికెదురుగా పెట్టాను. "కళ్ళు మూసి తెరవండి" అంది యాప్. మూసి తెరిచింది. "తల తిప్పండి" అంది. తిప్పింది. "నవ్వండి" అంది.

"దీనికి నేనెందుకు నవ్వాలిరా?"

"నవ్వకపోతే ముందుకెళ్ళదు పెద్దమ్మా."

మనకి కాలు లేకపోయినా ప్రభుత్వానికి మన నవ్వు కావాలి. నవ్వింది. ఆ ఫోటో ముఖం వరకే తీసుకుంది యాప్. కాలు సంగతి ముఖం మీద రాసి ఉండదు కదా!

తొమ్మిదో రోజున జవాబొచ్చింది. ట్యాంకు మామ ఎప్పట్లాగే పైనుంచి గొంతెత్తి చదివాడు.

"దరఖాస్తుదారు భూమికి డెబ్బై అడుగుల ఎత్తున, నవ్వుతూ ఉన్నట్లు ఫోటో వల్లా, లొకేషన్ వల్లా రూఢి అయినది. కావున చక్రాల కుర్చీ అవసరము లేదు. తిరస్కరించడమైనది."

మెట్ల మీద ఇస్త్రీ ఆయన ఆ మాట అందుకోలేదు. కానీ అక్కర్లేకపోయింది. మా ఇల్లు ట్యాంకుకి ముప్ఫై అడుగుల దూరమే. పెద్దమ్మకి మంచం మీదికే వినపడింది.

అప్పీలు పెట్టాను. మా ప్రభుత్వాన్ని తక్కువ అంచనా వెయ్యకండి, మూడు వారాల్లో ఓ ఆఫీసరు తనిఖీకి దిగాడు. నేరుగా ట్యాంకు దగ్గరికే వచ్చాడు.

"పేషెంటు ఇంట్లోనే ఉంది సార్. అదిగో, ఆ నీలం తలుపు. ఒక్కసారి వచ్చి చూడండి" అన్నాను.

"ఆ లొకేషన్ ఫైల్లో లేదండీ. ఫైల్లో ఎక్కడుందో అక్కడే చూడాలి" అన్నాడు. డ్యూటీ అంటే డ్యూటీ! ఫైలు చంకలో పెట్టుకుని మెట్లెక్కడం మొదలెట్టాడు.

ఇరవయ్యో మెట్టు దగ్గర కూలబడ్డాడు. చొక్కా తడిసి ముద్దయింది. గుండె మీద చెయ్యేసుకుని, "ఇక్కడ కుర్చీ ఏమన్నా దొరుకుతుందా?" అన్నాడు.

ట్యాంకు మామ పైనుంచి తొంగిచూసి, ఎంతో మర్యాదగా జవాబిచ్చాడు.

"ఆన్‌లైన్లో పెట్టుకోండి సార్! ఓటీపీ నేను కేకేస్తాను."

ఆ నవ్వు ఊరి చివరిదాకా వినపడింది. ఇంట్లో పెద్దమ్మ కూడా నవ్వింది. ఆఫీసరు మాత్రం నవ్వలేదు. కూర్చున్న మెట్టు మీదే రిపోర్టు రాసేశాడు. "తెలిపిన ప్రదేశములో దరఖాస్తుదారు కనిపించలేదు. ఫైలు మూసివేయడమైనది."

ఈ ఉపకారాల జాబితా ఇంకా పెంచుదామనే కూర్చున్నాను. రాద్దామంటే ఎన్ని లేవు! కానీ నిన్న పొద్దున పెద్దమ్మ మంచం పక్కన గ్లాసులో నీళ్ళు పోసినవి పోసినట్టే ఉన్నాయి. మధ్యాహ్నం చూస్తే అలాగే ఉన్నాయి. సాయంత్రం కూడా. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. డాక్టరు రోజుకి మూడు లీటర్లు తాగాలన్నాడు. నాకు కోపమొచ్చింది.

"నీళ్ళెందుకు తాగట్లేదు పెద్దమ్మా? ఇలా ఎన్నాళ్ళనుంచి?"

ఆవిడ గోడవైపు తిరిగింది.

"తాగితే మళ్ళీ నిన్ను పిలవాలి కదరా."