బేరమాడి తెచ్చిన కెర్నల్

టమోటా నాలుగు రోజులే బతుకుతుందనీ, కెర్నల్ శుద్ధిగా ఉంటే జాతి కలకాలం బతుకుతుందనీ మదనపల్లె మండీల కెర్నల్ శుద్ధి సంఘం మంగళవారం ప్రకటించింది. శుక్రవారం నుంచి అధికారిక కెర్నల్ ఉన్న ల్యాప్‌టాప్‌కే ఆన్‌లైన్ వేలంలో చోటు. ఎవరో సొంతంగా మార్చి కట్టిన కస్టమ్ కెర్నల్ దొరికితే మండీకి తాళం. (తాళం కూడా అధికారికమైనదే.)

కెర్నల్ అంటే ఏమిటో మండీ ఓనరు మునిస్వామికి ఒక్క మాటలో అర్థమైంది. ల్యాప్‌టాప్ లోపల యంత్రానికీ ప్రోగ్రాములకూ మధ్య నిలబడి పని జరిపించే దళారీ. ముప్పై ఏళ్లుగా తను చేస్తున్నదీ అదే. ఆయన ల్యాప్‌టాప్‌లోది కస్టమ్ రకం. కుప్పం స్టేషన్ దగ్గర రిపేరు షాపు నడిపే ప్రమీల రెండేళ్ల కిందట కట్టి ఇచ్చింది. వైఫై పట్టేది, తూకం మిషన్ మాట వినేది, ఒక్కనాడూ మొరాయించలేదు. సంఘానికి అనుమానం వచ్చింది అక్కడే.

సదుం నుంచి సిద్దమ్మ శుక్రవారం నలభై బాక్సులు తెస్తానంది. బాగా పండిన కాయ. ఆ రోజు పోకపోతే ఇక నీళ్లే. అందుకే మునిస్వామి గురువారం పొద్దున్నే కుప్పం బస్సెక్కాడు.

"నాది తీసేసి అధికారికం ఏస్తానన్నా. ఆరు పాయింట్ పదకొండు. దాంట్లోనూ నీ వైఫై పడతాది," అంది ప్రమీల.

మొదట చెప్పిన అంకెకు మునిస్వామి జన్మలో ఏదీ కొనలేదు.

"ఆరు పదకొండా! నాలుగుకియ్యమ్మా."

"అది రేటు కాదన్నా. అంకె తగ్గితే పాతదొస్తాది. పాతదాంట్లో నీ వైఫై పట్టదు, సెప్తాండా ఇనుకో."

"అమ్మేటోళ్లంతా అట్లే సెప్తారులే. నేనేమన్నా కొత్త గిరాకీనా తల్లీ?"

ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని గుమ్మం దాకా నడిచాడు. (బేరంలో ఇది మూడో మెట్టు.) షాపులో ఇంకా ఆరుగురు నిలబడి ఉన్నారు. ప్రమీల నుదురు కొట్టుకుని వెనక్కి పిలిచింది. నాలుగు పాయింట్ నాలుగు దగ్గర బేరం తెగింది.

తిరుగు బస్సులో మునిస్వామి హాయిగా కునుకు తీసి, సంఘం ముద్ర వేయించుకోడానికి పుంగనూరులో దిగాడు. అక్కడ సంఘం పరిశీలకుడు భీమరావు తెర చూసి లేచి నిలబడ్డాడు.

"నాలుగు పాయింట్ నాలుగా! పదేండ్లుగా ఎవురి సెయ్యీ పడని సరుకప్పా ఇది."

"వైఫై మాత్రం పట్టలేదు సార్."

"బయటి గాలి సోకకపోతే ఇంకా మంచిది కదప్పా."

బంగారు ముద్రతో పత్రం వచ్చింది. ముద్ర పడిన కెర్నల్‌ను తొంభై రోజులు కదిలించరాదని దాని అడుగున ఉంది. (భీమరావు ల్యాప్‌టాప్‌లో ఉన్నది ప్రమీల కట్టిన కెర్నలే. అధికారిక దాంట్లో ముద్ర ప్రింటరు పనిచేయదు.)

శుక్రవారం అన్ని మండీల్లో తెరల మీద వేలం సాగుతోంది. మునిస్వామి తెర మీద చిన్న చక్రం తిరుగుతోంది.

"యాలప్పా, మన పాట మొదులు కాలే?" అంది సిద్దమ్మ.

"వస్తాండాదమ్మా."

"పక్క మండీలో దించుకోనా?"

కుదరదు. గేటు చీటీలో ఏ మండీ పేరు పడితే సరుకు అక్కడే అమ్మాలి. మునిస్వామి పక్కకు వెళ్లి ప్రమీలకు ఫోను చేశాడు.

"నువ్వడిగిన అంకెకే ఖాయం చేస్తాండా. ఆరు పదకొండు ఏసెయ్యమ్మా."

"ముద్ర పడిపోయిందే! ఇప్పుడు ముట్టుకుంటే నీ మండీకి తాళమేనన్నా."

సాయంత్రానికి బాక్సుల అడుగు నుంచి ఎర్రటి రసం గడప దాటి రోడ్డెక్కింది. సిద్దమ్మ చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని దాన్ని దాటింది.

"కాయ పోతే పోయింది. నీ మిషన్ బాగుండాదా అప్పా?"

శనివారం తనిఖీకి వచ్చిన భీమరావు రాసిచ్చాడు. 'మండీలో చెడిపోయినది ఏదీ లేదు. కెర్నల్ మొన్నటిలాగే ఉంది.'