తొట్టెలలో పెట్టె

ఆ ఉదయం భద్రమ్మ అనుకున్నది ఒక్కటే. కొడుకు భాను కొత్తగూడెం నుంచి వీడియోలు దాచే పెట్టె తెచ్చి, మధ్యాహ్నం బ్లాస్టింగ్ కాకముందే దాన్ని ఓ చోట కుదురుగా పెట్టాలి. మణుగూరులో ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని పక్కనే వాళ్ల కాలనీ. రోజూ మధ్యాహ్నం గనిలో పేలుడుకు భూమి ఒకసారి ఉలిక్కిపడుతుంది, అటక మీది గిన్నెలు ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. ఎన్నేళ్లు విన్నా భద్రమ్మ గుండె వాటితో పాటే మోగుతుంది.

భాను పెళ్లి వీడియోలు తీస్తాడు. భార్య నవత, తను ఇంట్లోనే ఎడిటింగ్ చేస్తారు. ఏ డిస్కులో ఏ పెళ్లి ఉందో తెలియక ఒకసారి పినపాక పెళ్లికూతురి అప్పగింతల్లో ఎర్రుపాలెం మామగారు వెక్కి వెక్కి ఏడ్చాడు. అప్పటి నుంచి ఇద్దరూ ఏ పెట్టె కొనాలా అని తర్జనభర్జన. చివరికి నవతే తేల్చింది.

"రెండు డిస్కులది చాలు అత్తమ్మా. ఇద్దరం చెరో కంప్యూటర్ల నుంచి వాడుకోవచ్చు. ఒక డిస్కు పోయినా, రెండోదాంట్ల అన్నీ ఉంటయ్."

"ఒకటి పోతే రెండోది ఒక్కతే ఎట్లుంటదే?" అంది భద్రమ్మ దిగులుగా.

మూడేళ్ల కిందట పోయిన భర్త వెంకన్న గొంతు ఆమెకు మిగిలింది ఒక్కచోటే, ఆయన రిటైర్మెంట్ వీడియోలో. అది కూడా ఈ పెట్టెలోకే వెళ్లాలి. అందుకే పెట్టె గడప దాటగానే అడిగింది. "ఇది మధ్యాహ్నం దెబ్బకు ఆగుతదారా?"

షాపులో ఎవరూ అడగని ప్రశ్న అది. లోపల డిస్కులు గిర్రున తిరుగుతుంటాయి. అదిరితే పాడవుతాయి.

భద్రమ్మ మెత్తబడ్డ పాత చీర తెచ్చింది. భాను పసివాడప్పుడు ఊగిన కొండీకే తొట్టెల కట్టింది. పెట్టెను అందులో పడుకోబెట్టి, వైర్లు పక్కకు తీసి, వేడెక్కకుండా టేబుల్ ఫ్యాన్ పెట్టారు. "ఊపొద్దమ్మా!" అని భాను దండం పెట్టాడు. పేలుడు వచ్చింది, గిన్నెలు మోగాయి, పెట్టె మాత్రం కదల్లేదు. కొడుకూ కోడలూ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని లోపలి గదిలో పనిలో పడ్డారు.

అప్పుడొచ్చింది పక్కింటి నాగలత, పెరుగు తోడు కోసం. గుమ్మంలోనే తొట్టెల కనిపించింది. పక్కన భద్రమ్మ, పెదవుల మీద వేలు.

"మెల్లగ బిడ్డా. ఇప్పుడే కుదురుకున్నది."

తొట్టెల్లోంచి కుయ్‌మని చిన్న చప్పుడు.

"ఆకలైతుందేమో అత్తా!"

"ఏమో తల్లీ. భాను ఇందాకటి సంది పెడుతనే ఉన్నడు, ఎంత పెట్టినా పడుతనే ఉన్నది."

పెళ్లయి ఐదేళ్లయినా నవతకు పిల్లల్లేరు. దత్తత తెచ్చుకున్నారని నాగలతకు అర్థమైపోయింది. కళ్లు తుడుచుకుని, తోడు మరిచిపోయి వెళ్లిపోయింది.

సాయంత్రానికి వీధంతా దిగింది. బుల్లి చొక్కాలు, లడ్డూల డబ్బా. వెంకన్నతో గనిలో పనిచేసిన సీతయ్య అయితే గిలక్కాయతో వచ్చాడు. కొడుకు కొత్త పెట్టెకు ఇంత మర్యాద చేసే కాలనీ ఇంకెక్కడుందని భద్రమ్మ పొంగిపోయి అందరికీ చాయ్ పోసింది.

"పేరేం పెట్టిండ్రు అత్తా?"

"మనం పెట్టేదేముంది? కంపెనోళ్లు పెట్టిందే."

ఆడవాళ్లు మొహాలు చూసుకున్నారు. నాగలత మాత్రం ఆగలేక తొట్టెల్లో చేతులు పెట్టి ఎత్తేసింది. వైర్లు ఊడాయి, లైట్లు ఆరాయి.

"అయ్యో, ఎందుకు తీసినవే! మీ మామ అందులనే ఉన్నడు!" భద్రమ్మ కెవ్వుమంది.

లడ్డూలు నేలపాలయ్యాయి. గనిలో రాత్రి షిఫ్టుకు ఏనాడూ జంకని సీతయ్య చెప్పులు వదిలేసి వీధిలో తేలాడు. నాగలత పెట్టెను గుండెకు అదుముకుని, దించలేక ఉంచుకోలేక బిగుసుకుపోయింది.

ఆ గోల హెడ్‌ఫోన్లను కూడా దాటింది. నవత వచ్చి తొట్టెలను, చొక్కాలను, గిలక్కాయను చూసింది. ఆమెకు సంగతి తెలిసిపోయింది. అప్పటికి భద్రమ్మకూ అర్థమై, కోడలి మనసు నొచ్చుకుంటుందేమోనని గబగబా చొక్కాలు కొంగు కింద దాచబోయింది.

"నాగక్కా, మెడ పట్టుకో, మెడ!" అంటూ నవత నవ్వు ఆపుకోలేక నేల మీద కూలబడింది.

భాను వైర్లు పెట్టాడు. ఎర్ర లైటు మిణుకుమంది.

"ఉన్నడారా?" అంది భద్రమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

పచ్చ లైటొకటి వెలిగింది. పక్కనే రెండోదీ. భాను రిటైర్మెంట్ వీడియో నొక్కగానే టీవీలో మెడనిండా దండలతో వెంకన్న ప్రత్యక్షమయ్యాడు.

"ఏమే భద్రీ, నా మొహమేం జూస్తవు? గా సీతయ్యకు లడ్డూ పెట్టు. ఎప్పటి సంది గుడ్లప్పగించి చూస్తుండు!"

కిటికీలోంచి తొంగిచూస్తున్న సీతయ్య గతుక్కుమన్నాడు. భద్రమ్మ డబ్బాలో మిగిలిన లడ్డూ ఒకటి తీసి, కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూ కిటికీలోంచే ఆయన చేతిలో పెట్టింది.

తెచ్చినవి ఎవరూ వెనక్కి తీసుకోలేదు. పైగా తలా ఒక ఫోన్ తీశారు. మా పాప తొలి అడుగుల వీడియో దాచమని ఒకరు, పోయిన మా అత్త పాట దాచమని ఇంకొకరు. వారం తిరక్కుండా పెట్టె నిండిపోయింది.

ఇప్పుడు నవత ఎక్కడ ఎదురుపడినా కాలనీ వాళ్లు అడిగేది ఒక్కటే, రెండోది ఎప్పుడని.