బూజుతోటలో అడ్డుపుల్ల

ఒక పెద్ద అడవిలో, మనుషుల కన్ను ఇంకా పడని మూల, చెదపురుగుల పుట్ట ఒకటుండేది. పుట్ట అడుగున బూజుతోట. ఆ తోటే పుట్టంతటికీ అన్నం.

పుట్టకు ప్రెసిడెంటు వల్మీకయ్య. తొలకరికి ఎన్నికలు. "ఇంటింటికీ ఒక బూజుతోట" అని సభలో నోరు జారాడు పాపం. కొత్త తోట వేయాలంటే బూజు విత్తనాలు కావాలి. ఈ తోటేమో తెల్లగా, నిక్షేపంగా పాకుతోందే తప్ప ఒక్క విత్తనం కట్టదు. కుర్చీ పోతుందని వల్మీకయ్యకు ఒకటే దిగులు.

శాస్త్రవేత్త నత్తను పిలిపించాడు.

"బూజు లోపల 'విత్తనం కట్టు' అని ఆర్డరిచ్చే జన్యువు ఒకటుందండి," అంది నత్త తాపీగా. "అది లేస్తే మిగతా జన్యువులు వరసగా లేస్తాయి. కానీ ఒక ప్రోటీను దాని నెత్తిన కూర్చుని లేవనివ్వదు. బూజుకు తిండి అయిపోతేనే దిగుతుందండి."

"అంటే పని ఆపడమే దాని పనా?" వల్మీకయ్యకు ఒళ్లు మండింది. అలాంటివాళ్లతోనే ఆఫీసులో వేగి వేగి ఉన్నాడు. "పీకేయండి ఆ అడ్డుపుల్లని!"

"చారిత్రాత్మక నిర్ణయమండీ!" అంది కార్యదర్శి పేడపురుగు. ఆయన తుమ్మినా అదే మాట అంటుంది.

నత్తకూ ఉద్యోగం ముఖ్యమే. ఆ ప్రోటీనును పుట్టించే జన్యువును కత్తిరించి పారేసింది.

ఇక చూడండి! తోట నిండా కాడలు లేచాయి. కాడకాడకీ పచ్చటి విత్తనాల గుత్తులు. వల్మీకయ్యను భుజాల మీద ఊరేగించారు. ఆయన సంతోషం పట్టలేక ఏడ్చేశాడు.

"తినడానికేదయ్యా?" అని ఓ ముసలి చెద అడిగింది.

"అభివృద్ధి జరుగుతోంది కదమ్మా, కాస్త ఓపిక పట్టు," అన్నాడు వల్మీకయ్య.

బూజు పాకడం మానేసింది. ఒంట్లో ఉన్న సారమంతా విత్తనాలకే పోసింది. గాలి తగలగానే ఆ విత్తనాలు పుట్ట కన్నాల్లోంచి అడవిలోకి ఎగిరిపోయాయి. తోటలో గుప్పెడు పొడి మిగిలింది.

"ఏమిటిది నత్తా?" అన్నాడు వల్మీకయ్య, ఆ పొడి ఎత్తి చూపిస్తూ.

"బూజుకు విత్తనం కట్టడమంటే అభివృద్ధి కాదండి, వలస. ఇక్కడిక బతకలేననుకున్నప్పుడు మూటాముల్లె సర్దుకుంటుంది. కడుపు నిండిన బూజు చేత మనమే సర్దించాం."

"ముందే చెప్పొచ్చు కదా!"

"చెప్దామని వస్తే మీరు ఊరేగింపులో ఉన్నారండి."

తొలకరి పడింది. ఆకలికి తాళలేక చెదలన్నీ రెక్కలు కట్టుకుని ఎగిరిపోయాయి. పోలింగు నాటికి పుట్టలో మిగిలింది వల్మీకయ్య, పేడపురుగు. ఎన్నిక ఏకగ్రీవం.

నీతి: పని జరగనివ్వనివాణ్ణి తీసేసేముందు కాస్త ఆలోచించండి, మిగతావాళ్లంతా పనిచేసి చంపుతారు.