కమల క్యాంపు సామాను

మిషన్ బడి టీచరమ్మ పంపిన చీటీలో ఉన్నవి నాలుగే: దుప్పటి, పళ్లెం, చెంబు, రెండు జతల బట్టలు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఎండాకాలం అది. పదేళ్ల కమల హన్మకొండ మిషన్ ఆవరణలో పది రోజుల సెలవుల క్యాంపుకు పోతోంది. ఎనిమిదింటికి మూట కట్టి తొమ్మిదింటికి బండెక్కించాలని తండ్రి వెంకట్రాజం అనుకున్నాడు.

అతను మిరపకాయల వ్యాపారి. వరంగల్ బజారువాళ్లం మేం దేన్నీ సరిగ్గా తూచి ఊరుకోలేం. పైన పిడికెడు కొసరు వేస్తేనే మాకు తృప్తి.

"ఒక్క దుప్పటే రాసిండ్రు," అన్నాడు భార్య సుగుణతో. "రాసినంతే పంపితే మనల్నేమనుకుంటరు? జర కొసరెయ్యి."

సుగుణ రెండో దుప్పటి వేసింది. దుప్పట్లున్నాక పరుపు లేకుంటే ఏం బాగుంటుందని పరుపూ వేసింది. వెంకట్రాజం తల్లి యాకమ్మ సకినాల డబ్బా, తొక్కు జాడీ తెచ్చింది. జాడీ పగలకుండా నాలుగు చీరలు చుట్టారు. ఎండలు మండుతున్నాయని వెంకట్రాజం కూజా పెట్టాడు. ఎవరి కొసరు వాళ్లదే.

"బాపూ, ఎవల సామాను వాళ్లే ఎత్తుకోవాల్నట," అంది కమల. "ఎత్తుకోనోళ్లను లోపలికి రానియ్యరట."

"గట్లనే అంటరు బిడ్డా. నేను లేనా?" అంటూ వెంకట్రాజం అంతా గోనెపట్టాలో చుట్టి, బొంబాయి పోయే సరుకులాగా దబ్బనంతో కుట్టేశాడు. చీటీలో ఉన్న నాలుగూ అడుగుకు పోయాయి.

బండిలో మూట పట్టింది గానీ కమలకు చోటు లేదు. తండ్రీబిడ్డలు రెండు కోసుల దూరం బండి వెనక నడిచారు. గేటు ముందు మూట దింపి బండి తోలే పోశయ్య తన దారిన పోయాడు.

టీచరమ్మ మూట చుట్టూ ఒకసారి తిరిగింది.

"పిల్ల మోయాలి షావుకారు గారూ. ప్రార్థన గంట కొట్టగానే గేటు మూసేస్తాం."

"నేను మోస్త గదమ్మా!"

"అయితే మీరు క్యాంపులో చేరాలి. ఇది ఆడపిల్లల క్యాంపు."

కమల మూటను లాగింది. కదల్లేదు. నెల రోజులుగా ఈ రోజు కోసమే ఎదురుచూసిన పిల్ల, కళ్లనీళ్లు పెట్టుకుంది. వెంకట్రాజం సిగ్గుతో చచ్చిపోయాడు. క్యాంపు వంటమనిషిని కత్తి అడుక్కొని తన కుట్లు తానే కోశాడు. పరుపు, జాడీ, చీరలు ఒక్కొక్కటే రోడ్డు పక్కన పరుస్తుంటే, అటుగా పోతున్న బట్టల వ్యాపారి కిషన్ రావు ఆగాడు.

"ఏందే వెంకట్రాజం, దుకానం గిక్కడ వెట్టినవ్?"

"నా తెలివి అమ్మకానికి వెట్టిన. కొనేటోడే లేడు."

గంట మోగింది. కమల తన నాలుగు వస్తువులు చంకలో ఇరికించుకుని, "పోయొస్త బాపూ" అంటూ పరుగెత్తింది. ఒక్కసారైనా వెనక్కి చూడలేదు. తాను లేనిదే బిడ్డ పూటైనా ఉండలేదనుకున్న మనిషి, మూసిన గేటు ముందు చాలాసేపు నిలబడ్డాడు.

మధ్యాహ్నం మిగిలిన సామానుతో కిరాయి బండిలో ఇల్లు చేరాడు. సుగుణ ఎదురొచ్చింది.

"పిల్ల ఏడ్సిందా?"

"ఏడ్సింది. మూటను జూసి."

సరుకు వాపసొచ్చిందని గోల పెట్టే వ్యాపారులు మా బజారులో చాలామంది ఉన్నారు. బిడ్డ వాపసు రాలేదని పది రోజులు గోల పెట్టినవాడు వెంకట్రాజం ఒక్కడే.