గొట్టంలో మీటింగు

ఒక పెద్ద అడవిలో ఓ చిన్న ఆఫీసు ఉండేది. పేరు నీళ్ల వంతుల ఆఫీసు. ఎండాకాలంలో ఏ జంతువు ఏ పూట ఎక్కడ నీళ్లు తాగాలో చెప్పడం దాని పని. కొండ మీద గుహలో మేనేజరు ఎలుగుబంటి భల్లయ్య. లోయలో ఒక బ్రాంచి, దానికి అడవిపంది వరాలయ్య. ఏటి ఒడ్డున ఇంకో బ్రాంచి, దానికి మన తాబేలు కమఠమ్మ. అంతే సిబ్బంది.

ఆఫీసు చిన్నదే గానీ మీటింగులు మాత్రం పెద్దవి. ప్రతి పున్నమికీ అందరూ కొండెక్కాలి. వరాలయ్య గొణుక్కుంటూ ఎక్కేవాడు, గొణుక్కుంటూ దిగేవాడు. కమఠమ్మ సంగతి వేరు. ఆవిడ పైకి చేరేసరికి మీటింగు అయిపోవచ్చేది. వచ్చినట్టు వేలిముద్ర వేసి, మిగిలిన చిరుతిండి నాలుగు మెతుకులు తిని, దిగి ఇల్లు చేరేసరికి మళ్లీ పున్నమి దగ్గర పడేది.

ఉద్యోగమన్నాక తిరుగుడు తప్పదని సర్దుకుపోయేదే పాపం. కానీ కిందటేడు ఆవిడ మీటింగుకెళ్లిన సందు చూసుకుని, ఇసకలో దాచిన గుడ్లన్నీ ఉడుము గోధయ్య తినేశాడు. గోధయ్య మహా మర్యాదస్తుడు లెండి. ఈ ఏడు మళ్లీ గుడ్లు పెట్టే రోజులు వస్తుంటే, రోజూ వచ్చి, "అక్కా, మీటింగుకి ఎప్పుడు బయల్దేరుతున్నావు? ఎండగా ఉంది, నెమ్మదిగా వెళ్లిరా" అని పలకరించి పోతున్నాడు.

కమఠమ్మకి గుండెల్లో రాయి పడింది. ఈసారి కొండెక్కినప్పుడు తిన్నగా భల్లయ్య దగ్గరికి వెళ్లి, ఎక్కడివాళ్లం అక్కడే ఉండి మాట్లాడుకునే ఏర్పాటు ఏదైనా చూడమని బతిమాలింది. భల్లయ్య వెంటనే ఒప్పుకున్నాడు. ఆవిడ మీద జాలితో కాదు. పక్క అడవి ఆఫీసులో అలాంటిది పెట్టారని విన్నప్పటి నుంచీ ఆయనకి నిద్ర పట్టడం లేదు.

కబురు వెళ్లగానే ఇద్దరు వచ్చారు.

మొదటిది వడ్రంగిపిట్ట. తన వాళ్లని చెట్టుకొకరు చొప్పున కూర్చోబెడతానని, ఇక్కడన్న మాట ముక్కుతో కొట్టుకుంటూ అక్కడికి చేరుస్తామని చెప్పింది. వాన పడితే మాత్రం కాస్త తేడా వస్తుందని కూడా చెప్పింది. అక్కడే చెడింది. కొనకముందే లోపం చెప్పేవాళ్ల దగ్గర ఎవరు కొంటారండీ?

రెండోవాడు నక్క జంబుకేశం. మూతికి తామరాకు కట్టిన వెదురు గొట్టాలు తెచ్చాడు. దాంతోపాటు ఓ దొప్పెడు జుంటితేనె కూడా తెచ్చాడు.

"గొట్టాలు ఉచితం సార్. వాన కాదు, పిడుగు పడినా గణగణ మోగుతాయి. ఎప్పుడైనా వినబడకపోతే కబురంపండి, వచ్చి బాగుచేస్తాను. వచ్చినప్పుడల్లా ఓ బుట్టెడు ఏటి పీతలు ఇప్పించండి, చాలు."

ఆ గొట్టాల్లోంచి మాట కూతవేటు దూరం కూడా పోదని జంబుకేశానికి తెలుసు. నెలనెలా పిలుస్తారు, నెలనెలా పీతలు. అదీ వాడి లెక్క.

పరీక్ష చేసి చూడాలన్నాడు భల్లయ్య. గుహలోనే ముగ్గురూ మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చుని, తలో గొట్టం చెవిన పెట్టుకున్నారు. భల్లయ్య గొంతు సవరించుకుని "హలో" అన్నాడు. గుహంతా దద్దరిల్లింది.

"ఆహా, పక్కన కూర్చుని మాట్లాడినట్టే ఉందండీ" అన్నాడు పక్కనే కూర్చున్న వరాలయ్య, మూతికంటిన తేనె నాక్కుంటూ.

కమఠమ్మకి అనుమానం వచ్చింది. "సార్, ఓసారి నేను బయటికెళ్లి వింటాను."

"పరీక్ష మధ్యలో సభ్యులు బయటికెళ్తే కోరం పోతుందమ్మా" అన్నాడు భల్లయ్య. ఆ మాటతో గొట్టాలు ఖాయమైపోయాయి.

కమఠమ్మ గొట్టం మోసుకుని దిగింది, ఇసకలో గుడ్లు పెట్టింది. పున్నమి రోజు గొట్టం చెవిన పెట్టుకుంటే ఏటి గలగల తప్ప ఇంకేమీ లేదు. ఇప్పుడిది చెడిపోయిందని చెప్తే మళ్లీ కొండెక్కమంటారు. ఏం చేయాలో తెలీక దిగాలుగా కూర్చుంటే వడ్రంగిపిట్ట వచ్చి వాలింది, పొట్ట పట్టుకుని నవ్వుతూ. పైన భల్లయ్య గొట్టంలోకి గంటసేపు మాట్లాడాడట. కింది బ్రాంచీల నీళ్లు సగానికి తగ్గించి కొండకి మళ్లించాలన్నాడట. అభ్యంతరాలుంటే చెప్పండన్నాడట. ఎవరూ నోరెత్తలేదు. వరాలయ్య గొణుగుడు లేని మీటింగు జన్మలో ఇదే మొదటిదని మురిసిపోయి, ఏకగ్రీవం అని రాసుకున్నాడట.

"వెళ్లి నిజం చెప్పేయనా?" అంది పిట్ట.

"నీకు దణ్ణం పెడతాను. నా పిల్లలు బయటికొచ్చేదాకా నోరు విప్పకు తల్లీ" అంది కమఠమ్మ.

అంతలో గోధయ్య రానే వచ్చాడు, నాలుక చప్పరిస్తూ. "అక్కా, ఇంకా మీటింగుకి వెళ్లలేదా?"

"మీటింగులోనే ఉన్నాను తమ్ముడూ" అంటూ కమఠమ్మ గొట్టం మూతి వాడి వైపు తిప్పింది. "మేనేజరుగారు వింటున్నారు. ఏం పనిమీద వచ్చావో ఇందులో చెప్పు."

గోధయ్య మళ్లీ ఆ ఒడ్డున కనిపిస్తే ఒట్టు.

నెలలు గడిచాయి. పైన ఉత్తర్వులు పాసవుతూనే ఉన్నాయి. కింద ఎవరికీ వినబడలేదు గనక నీళ్ల వంతులు ఎప్పటిలాగే నడిచాయి. ఏ జంతువూ దాహంతో అల్లాడలేదు. ఇదంతా తన మీటింగుల మహిమేనని భల్లయ్య పక్క అడవి దాకా చెప్పుకున్నాడు. ఓ సాయంత్రం వరాలయ్య ఏటికి నీళ్లు తాగడానికొచ్చి, "వదినా, ఆ గొట్టంలో నేను దుంపలు దాచుకుంటున్నాను. నువ్వు మాత్రం పొరపాటున కూడా వినబడట్లేదని చెప్పకు" అని చెవిలో చెప్పిపోయాడు.

మరి జంబుకేశం? ఒక్క ఫిర్యాదూ రాలేదు, ఒక్క పీతా రాలేదు. చిక్కి సగమై, పనిముట్ల సంచీ భుజాన వేసుకుని వాడే ఏటి ఒడ్డుకి వచ్చాడు. అప్పుడే ఇసక కదిలి బుల్లి తాబేళ్లు ఒక్కొక్కటీ తల బయటపెడుతున్నాయి. కమఠమ్మ వాటిని నీళ్ల వైపు తోలుతోంది.

"అమ్మా, గొట్టం వినబడట్లేదు కదూ?" అన్నాడు జంబుకేశం ఆశగా.

"భలేవాడివే, వినబడకపోవడమేంటి?"

"కనీసం గరగరమన్నా అంటోందా?"

"మొన్న మేనేజరుగారు తుమ్మితే ఇక్కడ నా మీద తుంపర్లు పడ్డాయి నాయనా. ఇంత మంచి సామాను నేనెక్కడా చూడలేదు" అంది కమఠమ్మ, ఆఖరి పిల్లని నీళ్లలోకి దించుతూ.

నీతి: పైవాళ్ల మాట కిందివాళ్లకి వినబడనంత కాలం ఏ ఆఫీసైనా సలక్షణంగా నడుస్తుంది.